చేతితో త్రిప్పవలసిన రెండు చుట్లు

విద్యార్థులారా! రహదారిపై పరువెత్తు కారును మీరు ప్రతిదినమును చూచుచున్నారు. కాని పెక్కు కార్ల ఇంజను ప్రక్కన, మూత వెనుక, రమారమి అంగుళము వెడల్పుగల రబ్బరు పట్టీ యొకటి తిరుగుచుండునని యెఱిగినవారు కొందఱే. దాని లోపలివైపున పండ్లుండును. దీనికే టైమింగు బెల్టని పేరు. కొన్ని ఇంజనులందు దీనికి మాఱుగా ఉక్కు గొలుసుండును. ఈ చిన్న పట్టీ తప్పినచో ఇంజను ఏల చెడునో, మాకు కలిగిన నష్టము మాకేమి నేర్పెనో యిచ్చట వివరించెదము.

1876లో జర్మనీ దేశీయుడగు నికొలాస్ ఆటో నాలుగు అడుగుల ఇంజనును నిర్మించెను. నేటి పెట్రోలు కార్లు చాలవఱకు ఆ క్రమమునే అనుసరించుచున్నవి. పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలియు ఇంధనమును సిలిండరులోనికి వచ్చును. పైకి లేచునప్పుడు అవి అణగద్రొక్కబడును. పిమ్మట మండి పిస్టనును క్రిందికి నెట్టును. కడపట పిస్టను మఱల పైకి వచ్చి పొగను వెడలగొట్టును. ఈ నాలుగు పనులు ముగియుటకు క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగును. వాల్వులు సిలిండరునకు తలుపులవంటివి. వానిని తెఱచునది క్యాముషాఫ్టు. ఒక్కొక్క వాల్వు ఆ రెండు చుట్లలో నొకసారియే తెఱచుకొనవలెను గనుక, క్యాముషాఫ్టు ఒక్క చుట్టే తిరుగవలెను. ఈ రెంటికిని పొత్తు కుదుర్చునదే టైమింగు బెల్టు. 1962లో జర్మనీయందు గ్లాస్ కంపెనీవారు తమ 1004 కారులో దీనిని వాడిరి. తరువాత అది ఇతర దేశముల కార్లలోనికిని వ్యాపించెను.

ఒక లెక్క వేయుదము. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరిగిన, సెకనుకు 50 చుట్లు. అప్పుడు ప్రతి వాల్వును సెకనుకు 25 మాఱులు తెఱచి మూయబడును. అనేక ఇంజనులలో తెఱచిన వాల్వు దిగు చోటికే మఱుక్షణమున పిస్టను వచ్చును. ఇరుకు వాకిట నొకరు తొలగిన పిదపనే మఱియొకరు అడుగుపెట్టినట్లు ఇవి వర్తిల్లవలెను. పట్టీ తెగినచో క్యాముషాఫ్టు నిలిచిపోవును, కొన్ని వాల్వులు తెఱచియే యుండును. క్రాంకుషాఫ్టు మాత్రము వేగముచేత తిరుగుచునే యుండి పిస్టనులను వానిపై కొట్టును. వాల్వులు వంగును, ఒక్కొక్కప్పుడు పిస్టనులును పగులును. చాలినంత యెడముగల ఇంజనులు మాత్రము చెడక ఊరక ఆగిపోవును. పట్టీ తెగనక్కఱలేదు, జాఱినను చాలును. క్రాంకు చక్రమునకు 20 పండ్లుండిన, ఒక్క పన్ను తప్పుట 18 డిగ్రీల తేడా యగును.

ఇక మా సంగతి. మా కారు నీటిపంపు కారుచుండగా మరమ్మతునకిచ్చితిమి. మా ఇంజనులో ఆ పంపును త్రిప్పునది టైమింగు బెల్టే గనుక, పట్టీని విప్పి మఱల తొడుగవలసి వచ్చెను. ప్రొద్దు గ్రుంకుచుండెను. మఱునాటి ఉదయమున విద్యార్థులను రాజమహేంద్రవరమునకు తీసికొనిపోవలెనని మా తొందర. "మాస్టారూ, చేతితో త్రిప్పి చూచెదను, ఇంకొక యరగంట ఓర్చుకొనుడు" అని పనివాడు కోరెను. "ఇంక చాలును నాయనా, మూత బిగించి యిమ్ము" అంటిమి. అతడు మా మాట కాదనలేకపోయెను.

మఱునాడు తణుకు చేరకమునుపే ఇంజను టక్కున ఆగెను. ఏమియు తెలియక రెండుమాఱులు స్టార్టు చేయ జూచితిమి. ఎప్పటికంటె తేలికగా, గిఱ్ఱున తిరిగినదేగాని పట్టుకొనలేదు. విప్పి చూడగా పట్టీని బిగువుగ నుంచు టెన్షనరు బోల్టు సడలియున్నది, పట్టీ పండ్లు జాఱినవి, వాల్వులు వంగినవి, పిస్టనుల తలలపై దెబ్బల గుర్తులున్నవి. పనివాడు తలవంచి తన కూలి వలదనెను. తప్పు అతనిదొక్కనిదే కాదని యెఱిగినవారమగుటచే కూలితోగూడ సొమ్మంతయు మేమే చెల్లించితిమి.

ఇట్టి పనియందు పాటింపవలసిన నియమములివి. తయారుచేసినవారు చెప్పిన కిలోమీటర్లకో, సంవత్సరములకో, ఏది ముందైన దానికి పట్టీని మార్చవలెను. దానితోడనే టెన్షనరును, పట్టీచే తిరుగునదైన నీటిపంపును మార్చుట మేలు. రబ్బరుపై నూనె కారనీయరాదు, పట్టీని మడువరాదు. బోల్టులను చెప్పిన బిగువునకు బిగింపవలెను. గుర్తులు సరిచూచిన పిదప, ఇంజనును స్టార్టు చేయకమునుపు, పానాతో క్రాంకుషాఫ్టును మెల్లగా రెండు నిండు చుట్లు త్రిప్పవలెను. రెండే యేల? క్యాముషాఫ్టు ఒక చుట్టు ముగించునది అప్పుడే గదా! ఎచ్చటనైన అడ్డు తగిలిన బలవంతము చేయరాదు. పిదప గుర్తులను, బిగువును మఱల చూడవలెను. దారిలో ఇంజను హఠాత్తుగా ఆగి తేలికగా తిరిగినచో, మఱల స్టార్టు చేయరాదు.

రెండవమాఱు ఇంజను కూర్చినప్పుడు ఆ పనివాడు పానాను మా చేతికిచ్చి, "మాస్టారూ, మీరే త్రిప్పుడు" అనెను. మెల్లగా త్రిప్పితిమి, రెండవ చుట్టు చివర గుర్తులన్నియు తమ తావులకు వచ్చి నిలిచెను. ఆ పనికి అరగంటయైనను పట్టలేదు.