సైకిలుపై పనికి పోవువారి దుస్తులు

తెల్లవారుజామున మన పల్లెల నుండి పట్టణములకు పోవు రోడ్లను చూడుడు. పాలక్యానులు తగిలించుకొన్నవారు, తాపీపనివారు, మిల్లు కార్మికులు, దుకాణములలో గుమాస్తాలు సైకిళ్లపై సాగిపోవుచుందురు. మోటారు సైకిళ్లు ఎంతగా పెరిగినను సైకిలుతో పని తీరలేదు. 2011 జనాభా లెక్కలలో దేశమునందలి ప్రతి నూరు ఇండ్లలో దాదాపు 45 ఇండ్లకు సైకిలు ఉన్నట్లు తేలినది. సైకిలు కొనునపుడు మనము చక్రములను, సీటును, చివరకు గంటను కూడ పరీక్షించి చూతుము. ఏమి కట్టుకొని దానిపై కూర్చుండవలెనో మాత్రము ఆలోచింపము. చేతికందినది కట్టుకొని బయలుదేరుదుము. ఆ గుడ్డయే ఒక్కొక్కప్పుడు మనిషిని పడవేయుచున్నది.

ఈ మాట మేము అనుభవము మీద వ్రాయుచున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామసభలో మాటలాడుటకై కాలువగట్టు వెంట సైకిలుపై పోవుచుండగా, మా ప్యాంటు కుడికాలి అంచు గొలుసునకును పళ్లచక్రమునకును నడుమ చిక్కుకొన్నది. పెడలు కదలలేదు, కాలు క్రింద పెట్టుటకు వీలులేక పోయినది, సైకిలుతో కూడ ప్రక్కకు ఒరిగితిమి. కాలువలో పడక గట్టుపైననే పడుట మా అదృష్టము. ఆనాడు సభలో మేము చెప్పిన విషయములు శ్రోతలకు జ్ఞాపకమున్నవో లేవో కాని, మోకాలి వరకు చినిగిన ప్యాంటు మాత్రము చాలమందికి జ్ఞాపకమున్నది.

గొలుసు కుడివైపున నుండును. కావున మొదట కాపాడుకొనవలసినది కుడికాలి అంచు. ప్యాంటు తొడుగువారు చీలమండ వద్ద ఆ అంచును మడచి ఒక క్లిప్పుగాని, గుడ్డపీలికగాని బిగించినచో చాలును. మేజోడు ఉన్నచో అంచును దానిలోనికి దోపుకొనవచ్చును. పైజమా మరింత వెడల్పు గనుక దానికి ఈ జాగ్రత్త మరింత అవసరము. గోచీ పెట్టి పంచె కట్టువారు అంచు పిక్కలను దాటి దిగకుండ కట్టుకొనవలెను. ముందు వ్రేలాడు కుచ్చెళ్లను బొడ్డువద్ద దోపవలెను. లుంగీ సైకిలునకు తగినది కాదని మా అభిప్రాయము. దానిని మోకాళ్ల పైకి మడచి కట్టినను, ఎదురుగాలికి విచ్చిపోవును, మడత జారును. జారినపుడెల్ల సవరించుకొనుటకు ఒక చేయి హ్యాండిల్‌ను విడువవలసి వచ్చును. సరిగా ఆ క్షణముననే ఎదుట లారీ వచ్చుట మనము ఎరిగినదే. లుంగీ తప్ప వేరేదియు అలవాటు లేనివారు దాని క్రింద మోకాళ్లదాక నిక్కరు తొడిగి, లుంగీని మడచి సంచిలో పెట్టుకొని, పనిచోట కట్టుకొనవచ్చును. నిక్కరుతో ఊరు దాటుట మర్యాద కాదనువారు గలరు. గొలుసు వారి మర్యాదను ఎంచి చూడదు.

వీటన్నిటికంటె మేలైన ఉపాయము, గొలుసును పూర్తిగా కప్పు రేకు పెట్టెను సైకిలునకు బిగించుట. గుడ్డ చిక్కదు, గొలుసు నూనె మరకలు అంటవు, వానలో గొలుసునకు బురద పట్టదు.

ఇక ప్రతిదినము బాధించునది చెమట. కుండలోని నీరు చల్లబడుటకు కారణమేమో మన ఇల్లాండ్రకు తెలియును: కుండ గోడల గుండ ఊరిన నీరు ఆరిపోవుచు లోపలి వేడిని తీసికొనిపోవును. మన శరీరము కూడ అట్టి కుండయే. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కేలరీ వేడి చాలును. ఒక గ్రాము చెమట ఆరిపోవునపుడు దాదాపు 580 కేలరీలు తీసికొనిపోవును. కాని చెమట ఆరినప్పుడే ఈ మేలు. కారిపోయిన చెమట వలన ఫలము లేదు. కావున సైకిలు త్రొక్కువాని చొక్కా చెమటను పీల్చి, గాలికి ఆరనిచ్చునది కావలెను.

ఈ పనికి నూలుగుడ్డ తగినది. గాలిలో ఒక మోస్తరు తేమ ఉన్నపుడు 100 గ్రాముల నూలుగుడ్డ దాదాపు 8 గ్రాముల తేమను తనలో ఇముడ్చుకొనును. పాలియెస్టరు అరగ్రామును కూడ ఇముడ్చుకొనదు. మిలమిలలాడు పాలియెస్టరు చొక్కా ఎండలో ఒంటికి అతుకుకొని ఉక్కపోయుటకు ఇది ముఖ్యకారణము. అయితే నూలుగుడ్డకును ఒక లోపము కలదు. పూర్తిగా తడిసినచో త్వరగా ఆరదు. తడిచొక్కాతోనే పనిలో కూర్చున్నవానికి చంకలలోను, గజ్జలలోను చెమటపొక్కులు, తామర వచ్చును. అందుచే పనిలో తొడుగవలసిన చొక్కాను ఇంటివద్దనే తొడుగక, మడచి సంచిలో వేసికొని పోవుట మంచిది. దారికొక చొక్కా, పనికొక చొక్కా. పాతదైనను దారి చొక్కాకు సరిపోవును. ఉదికినదై యుండుట ముఖ్యము.

చేరిన వెంటనే చెమట ధారగా కారుట అందరకు అనుభవమే. త్రొక్కుచున్నంతసేపు మన వేగము వలన గాలి తగులుచుండును. దిగగానే ఆ గాలి ఆగును, లోపలి వేడి మాత్రము ఆగదు. కావున చివరి అరకిలోమీటరు నెమ్మదిగా త్రొక్కి, దిగి నీడలో కొంచెముసేపు నిలిచి, తడితుండుతో తుడుచుకొని, తరువాత చొక్కా మార్చుకొనవలెను. కోస్తాలో గాలి తేమగా నుండును గనుక చెమట ఆరక చికాకు పెట్టును. రాయలసీమ పొడియెండలో చెమట పుట్టినది పుట్టినట్లే ఆరిపోవును. చెమట పట్టలేదని అక్కడివారు నీరు త్రాగుట మానరాదు. వడదెబ్బ తగులుట ఇట్టి పొరపాటు వలననే.

ఏ నూలుగుడ్డ అను ప్రశ్న వచ్చును. పొందూరు సన్నఖద్దరు పేరు పొందినది. ఆ పత్తిని వాలుగచేప దవడతో దువ్వుదురని చదువరులలో చాలమంది వినియుందురు. అంతటి శ్రమతో పుట్టిన గుడ్డను సైకిలు సీటునకు రాపిడి పెట్టుటకు మా మనసు ఒప్పదు. నడుము క్రిందికి ముతకది, గట్టిది. పైకి పలుచనిది, వదులైనది తీసికొనిన చాలును. చొక్కా వెనుక భాగము కొంచెము పొడవుగా నుండవలెను, ముందుకు వంగినపుడు నడుము ఎండకు బయటపడదు. జేబునకు గుండీ ఉండవలెను. సెల్‌ఫోను రోడ్డుపాలు కాదు. ప్యాంటు కుట్టించునపుడు దర్జీతో ఒక మాట చెప్పుడు. రెండు కాళ్లు కలియుచోట కుట్లన్నియు ఒక్క బిందువున కూడును. సీటుపై కూర్చున్నపుడు ఒరిపిడి అచ్చటనే. అక్కడ చదరపు గుడ్డముక్క ఒకటి చేర్చి కుట్టినచో కుట్లు ప్రక్కలకు తొలగును, తొడలు ఒరయవు.

స్త్రీల విషయమున ప్రమాదము మరియొక విధమైనది. ఎగురుచున్న చున్నీ కొన చక్రములో చిక్కినచో రెండవ కొన మెడకు బిగియును. ఇందువలన ప్రాణములు పోయిన సందర్భములు కలవు. చున్నీని రెండు భుజముల మీదుగా వెనుకకు తెచ్చి నడుమునకు ముడివేయవలెను. లేదా సంచిలో పెట్టవలెను. చీర కట్టువారు అంచును జానెడు పైకి ఎత్తి కట్టి, కుచ్చెళ్లకు పిన్ను పెట్టి, పైటను బొడ్డులో దోపుకొనవలెను. కాళ్లకు అమరియుండు చుడీదారు అన్నిటికంటె క్షేమకరము. కూతురు సైకిలుపై బడికి పోదునన్నచో, పరికిణీ చక్రములో పడునని భయపడి వద్దను తల్లులను మేము చూచితిమి. భయము సరియైనదే, దానికి మందు సైకిలు మాన్పించుట కాదు, వెనుక చక్రమునకు వల కట్టించుట. మోటారు సైకిలుపై వెనుక కూర్చుండువారి గుడ్డలు చిక్కకుండ, వెనుక చక్రమును కనీసము సగము కప్పవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వ నియమము శాసించినది. క్యారియర్‌పై భార్యను కూర్చుండబెట్టుకొని పోవు సైకిలువాడు ఈ జాగ్రత్తను తానుగా తీసికొనవలెను.

తలకు తుండు చుట్టుట మంచిదే, చెవులు మూయరాదు. వెనుక వచ్చు బండి మోత వినబడవలెను. హెల్మెటు పెట్టువారు దాని క్రింద పలుచని గుడ్డ మాత్రమే వేసికొనవలెను. లావుపాటి తలపాగా మీద పెట్టిన హెల్మెటు తలకు కుదరదు. హవాయి చెప్పులు తడిసినచో పెడలు మీద జారును గనుక మడమకు పట్టీ ఉన్నవి కొనుడు. వానలో ఒక చేత గొడుగు పట్టుట సైకిలునకు ఒక బ్రేకు తీసివేయుటతో సమానము. వానకోటు మోకాళ్ల వరకు ఉండిన చాలును. చలికాలపు వేకువను పాలు పోయుటకు పోవువారు బనీనుకును చొక్కాకును నడుమ రొమ్ముపై పాత వార్తాపత్రికను పరచుకొనినచో చలిగాలి లోనికి చొరదు.

ఆ పాలవారే సాధారణముగ నల్లని దుప్పటి కప్పుకొందురు. మసక చీకటిలో నల్లని దుప్పటి లారీ తోలువానికి కనబడదు. తెల్లనిది, పసుపుపచ్చనిది కప్పుకొనవలెను. వెలుగు పడినపుడు మెరయు పట్టీని రెండు చీలమండలకు చుట్టుకొనిన ఇంకను మంచిది, పెడలుతో పాటు పైకి క్రిందికి కదలు మెరుపు మనిషిదని దూరమునుండియే తెలియును. దుప్పటి పొడవుగా దిగినచో ఆ పట్టీని మూసివేయును. మోకాళ్లకు పైననే దానిని ముడివేసికొనవలెను.