నల్ల మూకుడు

కోడలు పొదుపు సంఘంలో దాచిన డబ్బుతో ఒక మూకుడు కొన్నది. అది సిల్వరు మూకుడే. కానీ తెల్లగా లేదు. నల్లగా ఉంది.

అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొత్తదేమిటే? అంతా మసే గదా! ఎవరో వాడి పారేసింది నీకు అంటగట్టారు" అన్నది.

ఆ రాత్రి అత్త మూకుడు నిండా వేడినీళ్లు పోసింది. గుప్పెడు బట్టల సోడా వేసింది. తెల్లవారి ఇనుప పీచుతో తోమింది. చేతులు నొప్పి పుట్టాయి. అడుగున అరచేయంత మేర నలుపు వెలిసిపోయింది.

"పోతున్నది. ఇంకాస్త తోమితే తెల్లగా వస్తుంది" అన్నది అత్త.

అప్పుడే కోడలి తమ్ముడు వచ్చాడు. అతను హైదరాబాదులో ఒక చిన్న ఫ్యాక్టరీలో పని చేస్తాడు. చూస్తూనే అరిచాడు.

"అత్తయ్యా, ఆగండి! అది మసి కాదు. మూకుడు తోలు!"

"గిన్నెకు తోలేమిటిరా అబ్బాయ్?"

అతను అరుగు మీద కూర్చుని చెప్పాడు.

మనం సిల్వరు గిన్నె అంటాం. అది వెండి కాదు. అల్యూమినియం. ఈ లోహానికి గాలి తగలగానే పైన ఒక పొర కడుతుంది. లోహం, గాలిలోని ప్రాణవాయువు కలిస్తే ఆ పొర వస్తుంది. ఇనుముకు పట్టే తుప్పు రాలిపోతుంది. ఈ పొర రాలదు. లోహాన్ని కాపాడుతుంది. కానీ చాలా పలచన. మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. పులుపు తగిలితే కరుగుతుంది. సోడా తగిలినా కరుగుతుంది. అందుకే సిల్వరు గిన్నెలో చింతపండు పులుసు నిలవ ఉంచకూడదు.

"ఆ పొరనే మా ఫ్యాక్టరీలో మందం చేస్తాం. ఆ పనిని యానోడైజింగ్ అంటారు" అన్నాడు తమ్ముడు.

ముందు వస్తువును జిడ్డు లేకుండా కడుగుతారు. నీళ్లు కలిపిన గంధకామ్లం తొట్టిలో వేలాడదీస్తారు. గంధకామ్లం అంటే ఘాటైన ఆసిడ్. వస్తువుకు కరెంటు ప్లస్ తీగ కలుపుతారు. తొట్టిలో ఇంకో రేకు ఉంటుంది. దానికి మైనస్ తీగ కలుపుతారు. కరెంటు పారుతుంది. నీళ్లలోని ప్రాణవాయువు వచ్చి అల్యూమినియంతో కలుస్తుంది. పొర పెరుగుతుంది.

"ఆసిడ్ పొరను కరిగిస్తుంది అన్నావు గదా! మరి ఎట్లా పెరుగుతుంది?" అని అక్క అడిగింది.

"మంచి ప్రశ్న అడిగావక్కా. ఒక పక్క పొర పెరుగుతుంది. ఇంకో పక్క ఆసిడ్ దానికి సన్న చిల్లులు పెడుతుంది. ఆ చిల్లుల గుండానే కరెంటు అడుగుకు పోతుంది. అందుకే పొర లోపలికి పెరుగుతూ పోతుంది. చిల్లులు లేకపోతే పెరగడం ఆగిపోతుంది."

ఆ పొర తేనెపట్టులాగా ఉంటుంది. చిల్లులు కంటికి కనపడవు. రంగు గ్లాసులకు, కిటికీ చట్రాలకు ఆ చిల్లుల్లో రంగు నింపుతారు. తర్వాత మరిగే నీళ్లలో ముంచుతారు. పొర ఉబ్బి చిల్లులు మూసుకుంటాయి. రంగు లోపల చిక్కుకుంటుంది. మామూలు రంగులాగా పెచ్చులు ఊడదు.

వంట మూకుడుకు వేరే పద్ధతి. తొట్టిని మంచంత చల్లగా ఉంచుతారు. చలికి ఆసిడ్ తక్కువగా తింటుంది. పొర గట్టిగా, మందంగా వస్తుంది. మందమంటే దాదాపు తల వెంట్రుకంత. ఆ పొర రంగే నలుపు. ఎవరూ పూసింది కాదు.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1923లో బ్రిటన్‌లో నీటి విమానాల భాగాలను ఉప్పునీటి నుంచి కాపాడడానికి మొదలుపెట్టారు.

అత్త తమ్ముడి చెయ్యి చూసింది. మణికట్టు మీద మచ్చ ఉంది.

"ఇదేమిటిరా?"

"చేతికి తొడుగు వేసుకోని రోజు ఆసిడ్ పడింది అత్తయ్యా. వెంటనే ధారగా నీళ్లు పోసుకున్నా. ఇప్పుడు రబ్బరు తొడుగు, బూట్లు, కళ్లద్దాలు లేకుండా తొట్టి దగ్గరికి పోను."

"గిన్నె తోలు మందం చేసే ఆసిడ్ మనిషి తోలు కాలుస్తుందన్నమాట" అన్నది అత్త. ఇనుప పీచు పక్కన పడేసింది. "మరి ఈ మూకుడు పాడైపోయినట్టేనా?"

"వెలిసిన చోట పొర అరిగింది. ఇంట్లో మళ్లీ అంత మందం రాదు. కూరలు వండుకోవచ్చు. పులుపు మాత్రం దీంట్లో వండకండి."

అత్త మొహం చిన్నబోయింది. "నీ కష్టార్జితం పాడుచేశానే అమ్మాయ్" అన్నది.

"తెలియక చేశారు అత్తయ్యా. ఇక తెలిసింది గదా!" అన్నది కోడలు.

గుర్తుంచుకోండి
• యానోడైజింగ్ చేసిన గిన్నెను సబ్బు, మెత్తని పీచుతో తోమాలి.
• బట్టల సోడా, బూడిద, ఇటుక పొడి, ఇనుప పీచు వాడకూడదు.
• పులుసు, పచ్చడి, మజ్జిగ నిలవ ఉంచకూడదు. గాజు సీసాలో, జాడీలో పోయాలి.
• అంటుకోని పూత వేసిన నల్ల పెనం వేరు. ఆ పూత పైన వేసింది. గీస్తే ఊడుతుంది. కొనేటప్పుడు ఏది ఏదో అడగండి. పెట్టె మీద రాసింది చదవండి.

చెప్పండి
1. పొరలో చిల్లులు ఎందుకు అవసరం?
2. మూకుడుకు సోడా ఎందుకు పనికిరాదు?
3. మీ ఇంట్లో సిల్వరు గిన్నెలు ఎన్ని ఉన్నాయి? వాటిలో ఏమేమి వండుతున్నారు? రాయండి.