మాటను పరీక్షించు చదువు



విత్తనమును చల్లుటకు ముందు నూరు గింజలను తడిగుడ్డలో మూటగట్టి, మొలచినవానిని లెక్కించుట మన మెరిగిన పద్ధతియే. అంగడి విత్తనమునకే గాక మన గాదెలోని విత్తనమునకును ఈ పరీక్ష అవసరము. వార్తాపత్రికలవలనను, రేడియోవలనను, చేతిఫోనులవలనను మన యింటికి వచ్చు మాటలకు కూడ ఇట్టి పరీక్ష గలదు. దానిని బడులలో నేర్పుటకు అమెరికాలో జరిగిన యొక ప్రయత్నమును, అది నిలిచిపోయిన విధమును ఈ పాఠమున తెలిసికొందము.

ఎడ్వర్డు ఫైలీన్ బోస్టన్ నగరపు వర్తకుడు. ఆయన 1907 సంవత్సరమున భారతదేశమునకు వచ్చి, 1904 నాటి చట్టము క్రింద వంగదేశపు పల్లెలలో నెలకొన్న సహకార పరపతి సంఘములను చూచెను. పిమ్మట తన దేశమున అట్టి సంఘముల వ్యాప్తికి పాటుపడెను. ఈయన ధనసహాయముతోనే 1937 లో న్యూయార్కు నగరమున ప్రచార పరిశీలన సంస్థ యేర్పడెను. కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలకు చెందిన క్లైడ్ మిల్లర్ దాని స్థాపకులలో నొకడు. సంస్థవారు మాసపత్రికను ప్రకటించి, పాఠశాలలకును కళాశాలలకును పాఠములు సమకూర్చిరి.

ప్రచారకులు వాడు ఉపాయములు ఏడని వారు బోధించిరి:

1. గిట్టనివారికి చెడ్డపేరు పెట్టుట.
2. అర్థము తేలని తళుకుమాటలు పలుకుట.
3. పూజ్యమైన వస్తువుయొక్క గౌరవమును తమ సరకునకు అంటగట్టుట.
4. పేరుగలవారిచే సాక్ష్యము చెప్పించుట.
5. "నేనును మీవంటి సామాన్యుడనే" యనుట.
6. అనుకూలమైనవి చెప్పి, ప్రతికూలమైనవి దాచుట.
7. "అందరును చేరిరి, నీ వొక్కడవే మిగిలితివి" యని తొందరపెట్టుట.

విత్తనమున కెంత దిగుబడి వచ్చునో చెప్పి, దాని కెన్ని తడులు కావలెనో చెప్పకుండుట ఆరవ యుపాయము. ఊరందరును కొనిరనుట ఏడవది. ఆ మాట నమ్మి తెచ్చిన విత్తనము ఫలింపనిచో అప్పు రైతు నెత్తిననే నిలుచును; చెప్పినవాడు తప్పించుకొనును.

సంస్థవారు జర్మనీ నాజీల ప్రచారమును విప్పి చూపిరి. కాఫ్లిన్ అను క్రైస్తవ మతాచార్యుని రేడియో ఉపన్యాసములను ఈ యేడు ఉపాయములతో పరీక్షించి, 1939 లో గ్రంథముగా ప్రకటించిరి. బ్రిటిషువారి యుద్ధప్రచారమును సైతము విడువలేదు. అంతట విరోధములు పెరిగెను. 1941 లో అమెరికా ప్రతినిధిసభకు చెందిన డైస్ సంఘము వీరిపై విచారణ తలపెట్టెను. ఆ సంవత్సరాంతమున అమెరికా యుద్ధమున ప్రవేశించెను. మంచి ప్రచారమును, చెడ్డ ప్రచారమును ఒకే త్రాసున తూచుట యుద్ధకాలమున అపార్థములకు దారితీయునని చెప్పి, 1942 లో సంస్థ తన పనిని ఆపివేసెను.

ఇందు మనము నేర్వదగిన దేమి? పరుల మాటను పరీక్షించుట నేర్పునంతవరకు ఈ చదువును అందరును మెచ్చుకొందురు. పరీక్ష తమ మాటపైకి వచ్చినపుడు అదియే కంటగింపగును. కావున ఈ చదువును నేర్ప వచ్చినవారిని, అది ప్రభుత్వమైనను, కంపెనీయైనను, రాజకీయపక్షమైనను, "మీ మాటను కూడ పరీక్షింపనిత్తురా?" యని ముందుగా అడుగవలెను.

ఇట్టి చదువువలన విద్యార్థులు దేనిని నమ్మనివారగుదురని ఆనాడు కొందరు ఆక్షేపించిరి. ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. కాని మొలకపరీక్ష విత్తనములన్నిటిని పారవేయుటకు గాదు, చల్లదగినదానిని ఏరుకొనుటకు. మాటల పరీక్షయు నంతియే.

రాబోవు సంఘసమావేశమున చదువనేర్చిన యొక సభ్యుడు ఒక వార్తను, ఒక ప్రకటనను, మన సంఘపు నివేదికలోని యొక పుటను బిగ్గరగా చదువవలెను. చెప్పినదెవరు? చెప్పినందువలన లాభమెవరికి? ఋజువేమి? విడిచిపెట్టినదేమి? ఈ నాలుగు ప్రశ్నలకు సభ్యులందరును కలిసి సమాధానము వెదకవలెను. వ్యవసాయశాఖవారి సలహాలను గాని, ఈ పాఠమును గాని ఇందుండి మినహాయింపరాదు.