ఫోను మీ వేలే నొక్కాలి

రాజమండ్రి దగ్గర మధురపూడిలో విమానమెక్కి, హైదరాబాదులో మారి, దోహాలోనో దుబాయిలోనో ఇంకోసారి మారి అమెరికాలో దిగే తల్లిదండ్రులు ఇప్పుడు గోదావరి జిల్లాల్లో ఏ ఊళ్లో చూసినా ఉన్నారు. కూతురి పురిటికో, మనవడి ఆలనాపాలనకో బయల్దేరతారు. ఆవకాయ, పూతరేకులు, ఆరు నెలల మందులు అన్నీ జాగ్రత్తగా సర్దుకుంటారు. ఫోను సంగతి మాత్రం "అక్కడికెళ్లాక అబ్బాయి చూసుకుంటాడులెండి" అని వదిలేస్తారు.

అబ్బాయి పొద్దున్నే ఆఫీసుకు పోతాడు. రాజమండ్రిలో దేవీచౌకు ఎటని అడిగితే పదిమంది చెబుతారు. డల్లాస్ శివార్లలో అడుగుదామంటే వీధిలో నడిచే మనిషే కనబడడు. ఇక్కడ చుట్టుపక్కలవాళ్లు చేసిపెట్టే సాయంలో సగం అక్కడ ఫోనే చేయాలి. అది చేతకాకపోతే, ముప్ఫయ్యేళ్లు బడి నడిపిన హెడ్మాస్టరుగారైనా కొడుకు కారు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాల్సిందే. ఆ పరాధీనత మనిషిని లోపల్నుంచి కుంగదీస్తుంది.

"ఈ వయసులో మనకేం వస్తుందండీ" అంటారా? మన జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్, బహ్రెయిన్ వెళ్లిన ఆడవాళ్లను చూడండి. చాలామందికి పెద్ద చదువు లేదు. ఇంగ్లీషు రాదు, అరబ్బీ అక్కడికెళ్లాకే పట్టుకున్నారు. అయినా రాత్రి పని ముగిశాక ఇమో యాప్ తెరిచి ఊళ్లో ఉన్న బిడ్డ మొహం చూస్తారు. రాయడం రానివాళ్లు మాటే రికార్డు చేసి పంపుతారు. ఏ క్లాసుకూ వెళ్లి నేర్చుకున్నది కాదు, బిడ్డను చూడాలన్న ఆరాటం నేర్పింది. వయసు, చదువు అడ్డమన్నవాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు నాకు కనబడలేదు.

అసలు అడ్డం భయమే. ఏదో నొక్కితే ఏదో అయిపోతుందని. మామూలుగా అటూ ఇటూ నొక్కినంతలో ఫోను పాడవదు, వెనక్కి రావచ్చు. ఆగాల్సిన చోట్లు వేరే ఉన్నాయి: డబ్బు, ఓటీపీ, తెలియని లింకు. "పోలీసులం, వీడియో కాల్‌లోనే మిమ్మల్ని అరెస్టు చేశాం" అన్నారా, వెంటనే ఫోను పెట్టేయండి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. మన దేశంలో ఉండగా మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రయాణానికి నెల ముందే ఫోను తెరమీది భాషను తెలుగులోకి మార్చేయండి. గూగుల్ 2017లోనే తెలుగు వాయిస్ టైపింగ్ తెచ్చింది. మైకు బొమ్మ నొక్కి నెమ్మదిగా మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడతాయి. మ్యాపు మాత్రం మన ఊళ్లోనే అలవాటు చేసుకోవాలి. రాజమండ్రివాళ్లయితే కోటగుమ్మం నుంచి పుష్కర ఘాట్‌కి ఫోను చేతపట్టుకుని నడవండి. దారి ముందే తెలుసు కాబట్టి మ్యాపు ఏం చెబుతోందో ఇట్టే అర్థమవుతుంది. పిల్లలుండే ప్రాంతపు మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుని, వాళ్ల ఇంటిని అందులో గుర్తుపెట్టుకుంటే నెట్ లేకపోయినా మీరెక్కడున్నారో నీలం చుక్క చూపిస్తుంది.

మన సిమ్ తీసి పారేయకండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ పెట్టించుకుని, అక్కడ డేటా రోమింగ్ ఆపేయండి. రీచార్జి గడువు దాటనీయకండి. లాకు తీయకుండానే కనబడే ఎమర్జెన్సీ వివరాల్లో రక్తం గ్రూపు, వాడే మందులు, పిల్లల నంబరు నింపండి. అమెరికాలో ఆపదకు 911, సిమ్ లేని ఫోనులోనూ కలుస్తుంది.

పిల్లలకూ ఒక మాట. "ఇలా ఇవ్వు నాన్నా, నేను చేసేస్తా" అని ఫోను లాక్కోకండి. గట్టు మీద కూర్చుని చూస్తే ఎవరికీ కాలవలో ఈత రాలేదు. పక్కన కూర్చుని నోటితో చెప్పండి, నొక్కడం అమ్మానాన్నలకే వదలండి. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ నొక్కాలో వాళ్ల నోటుపుస్తకంలో వాళ్ల చేతే తెలుగులో రాయించండి.

టికెట్టు తీసుకున్న రోజే మొదలెట్టండి. ఈ సాయంత్రం ఏడింటికి ఎవరి సాయమూ లేకుండా మీరే వీడియో కాల్ చేయండి. వేసవిలో న్యూజెర్సీలో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర, పిల్లలు లేచే ఉంటారు.