విండోస్ మార్చాక సీడీ రైటర్ మాయమైతే...



2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. అందుకే చాలామంది విండోస్ 11 వేయించుకున్నారు. ఇలా ఓఎస్ మార్చినప్పుడల్లా కొందరికి ఒక చిక్కు ఎదురవుతుంది. నిన్నటిదాకా పనిచేసిన సీడీ, డీవీడీ రైటర్ 'దిస్ పీసీ'లో కనిపించదు. "రైటర్ పోయింది, కొత్తది కొనాలి" అనే మాట వెంటనే వినబడుతుంది. కానీ మారింది ఓఎస్. రైటర్ పాతదే. కాబట్టి డబ్బు తీయకముందు ఈ కింది మెట్లు వరుసగా చూడండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి. అప్పుడే దేనివల్ల బాగయిందో తెలుస్తుంది.

మొదటి మెట్టు: బయోస్. కంప్యూటర్ ఆన్ అవుతుండగా ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది (కంపెనీని బట్టి మీట మారవచ్చు). అక్కడ రైటర్ పేరు ఉందా? ఉంటే దానికి కరెంటు, కేబుల్ అందుతున్నట్టే. లేకపోతే ప్లగ్ పీకేసి, లోపలి కేబుళ్ళు రెండూ తీసి గట్టిగా పెట్టి చూడండి.

రెండో మెట్టు: డివైస్ మేనేజర్. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఇది కనిపిస్తుంది. అందులో డీవీడీ డ్రైవ్ పేరు మీద పసుపు గుర్తు ఉంటే, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. విండోస్ తన దగ్గరున్న డ్రైవర్‌ని తానే మళ్ళీ వేసుకుంటుంది. దీనికి వేరే డ్రైవర్ సీడీ కొననక్కరలేదు. పసుపు గుర్తు లేకుండానే డ్రైవ్ కనిపించకపోతే 'డిస్క్ మేనేజ్‌మెంట్'లో దానికి ఒక అక్షరం కేటాయించి చూడండి.

మూడో మెట్టు: ఫిల్టర్లు. అసలు కిటుకు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. సీడీలు రాసే సాఫ్ట్‌వేర్లు కొన్ని రైటర్‌కీ విండోస్‌కీ మధ్య తమ ఫిల్టర్ డ్రైవర్లను పెడతాయి. వాటి పేర్లు రిజిస్ట్రీలో రాసి ఉంటాయి. పాత విండోస్ పైనే కొత్తది అప్‌గ్రేడ్ చేస్తే ఆ పేర్లు మిగిలిపోవచ్చు, డ్రైవర్ మాత్రం కొత్తదానికి సరిపడదు. ఘాట్ రోడ్డు చెక్‌పోస్టులో మనిషి వెళ్ళిపోయాడు, అడ్డకర్ర మాత్రం దించి ఉంది. బండి బాగున్నా కదలదు. ఇదీ అంతే. డివైస్ మేనేజర్‌లో కోడ్ 19, 39, 41 వంటివి కనిపిస్తే దీన్ని అనుమానించాలి.

రెజ్ఎడిట్ తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, క్లాస్ వరుసగా వెళ్ళండి. 4డి36ఇ965తో మొదలయ్యే ఫోల్డర్‌లో కుడివైపు 'అప్పర్‌ఫిల్టర్స్', 'లోయర్‌ఫిల్టర్స్' ఉంటే ఆ రెండింటినే తీసేసి రీస్టార్ట్ చేయాలి. ముందుగా ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. పక్కవాటిని ముట్టుకోవద్దు. హాస్టల్ కంప్యూటరైతే వార్డెన్ గారికి చెప్పి, తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. తర్వాత పాత రైటింగ్ సాఫ్ట్‌వేర్ పనిచేయకపోతే, కొత్త విండోస్‌కి సరిపడే వెర్షన్ వేసుకోవాలి.

నాలుగో మెట్టు: డిస్కు. డ్రైవ్ కనిపిస్తున్నా డీవీడీ సినిమా ఆడకపోతే భయపడకండి. విండోస్ 8 నుంచి మీడియా ప్లేయర్‌లో ఆ సౌకర్యం తీసేశారు. ఉచితంగా దొరికే వీఎల్‌సీ వేస్తే చాలు. సీడీలు చదివి డీవీడీలు చదవకపోతే అది వేరే సంగతి. సీడీకి 780, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్ వాడతారు. ఒకటి పాడై రెండోది పనిచేయవచ్చు. అందుకే రెండు రకాలూ పెట్టి చూడాలి. కొత్త డిస్కు రాసేటప్పుడు విండోస్ అడిగే రెండు పద్ధతుల్లో 'సీడీ/డీవీడీ ప్లేయర్' అన్నది ఎంచుకుంటే ఎక్కువ ప్లేయర్లలో ఆడుతుంది.

ఇవన్నీ అయినా తేలకపోతే ఆఖరి పరీక్ష ఒకటుంది. ఉబుంటు లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా దానితోనే కంప్యూటర్ నడపండి. అక్కడ డిస్కు తెరుచుకుంటే రైటర్ నిక్షేపంగా ఉన్నట్టే, లోపం విండోస్‌లో ఉంది. అక్కడా, బయోస్‌లోనూ కనిపించకపోతే అప్పుడు కొత్తదాని మాట ఆలోచించండి.

ఇప్పుడు సీడీలెవరు వాడుతున్నారని అడగవచ్చు. 2000ల నాటి పెళ్ళి వీడియోలు, పండగ ఆటపాటలు, పెద్దవాళ్ళు పాడిన పాటలు చాలా ఇళ్ళలో సీడీల్లోనే ఉన్నాయి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. మనలాంటి ఇళ్ళలో ముందుతరం గురించి అచ్చయిన పుస్తకాలు ఉండవు. వాళ్ళ గొంతు, నడక, నవ్వు ఉన్నది ఆ డిస్కుల్లోనే. రాసే సీడీలో ఒక రంగు పొర ఉంటుంది. లేజర్ వేడికి దానిమీద గుర్తులు పడతాయి. ఎండకు, తేమకు ఆ పొర చెడిపోతుంది. మన కొండల్లో వానాకాలం తేమ సంగతి మీకు తెలిసిందే. పైగా సీడీలో ఆ పొర పేరు రాసే వైపుకే దగ్గరగా ఉంటుంది, అటు గీతపడితే మరీ నష్టం.

కాబట్టి ఈసారి సెలవులకు కురుపాం నుంచి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో పాత సీడీలు ఏమున్నాయో అడిగి తీసుకురండి. వీసీడీ అయితే 'ఎంపెగ్ఏవీ' అనే ఫోల్డర్‌లోని ఫైళ్ళు కాపీ చేసుకుంటే వీఎల్‌సీలో ఆడతాయి. రెండు చోట్ల దాచండి. కొత్త రైటర్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. చెడిపోయిన డిస్కులోని తాత పాట మళ్ళీ దొరకదు.