చెరువూ ట్యాంకే, ఫిరంగి బండీ ట్యాంకే!

ప్రశ్న: మా నల్లగొండ పానగల్లులోని ఉదయసముద్రాన్ని ఇంగ్లీషులో ‘ట్యాంక్’ అంటారు. మిద్దె మీది నీళ్ల డబ్బా, యుద్ధంలో తిరిగే బండి కూడా ట్యాంకులే. ఎట్లా?

జవాబు: చెరువు అర్థమే పాతదండీ. గుజరాతీలో వాననీళ్లు దాచే నేలతొట్టి ‘టాంకు’. పోర్చుగీసులో కొలను ‘తాంక్’. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఎవరి దగ్గర పట్టుకున్నారన్న తగువు తెగలేదు. నాకైతే రెండూ కలిశాయనిపిస్తుంది.

యుద్ధపు బండిది దొంగపేరు. బ్రిటిష్‌వాళ్లు దాన్ని గుట్టుగా తయారుచేస్తూ, అడిగినవాళ్లకు నీళ్లతొట్టి అని బొంకారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో దిగి గుట్టు రట్టయినా పేరు అంటుకుపోయింది.

మహబూబ్‌నగర్ పెద్దచెరువు దగ్గరి ‘మినీ ట్యాంక్‌బండ్’లో బండ్ కూడా ఇంగ్లీషు సొంతం కాదు, ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. చెరువుకట్ట అంటే సరిపోయేది!