పాతబండికి మరియొక యింజను: వేయుటకు ముందు తెలియవలసినది



ఎద్దు డీలాపడినచో దానికి రోగమేమని ముందు విచారింతుము గాని వెంటనే సంతకు తోలుకొనిపోము. బండి విషయమున మాత్రము పొగ కనబడిన తోడనే యింజను పోయినదని తలచి, మరియొక దానికై అప్పుచేయుచున్నాము. ప్రత్తి, మిరప బస్తాలను కాశిబుగ్గ మీదుగా ఎనుమాముల మార్కెట్టునకు చేర్చు పాత పికప్ బండ్ల సొంతదారుల కొరకు ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మేము చేసిన పొరపాటునే మొదట చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట కాశిబుగ్గలో మాకు పరిచితుడగు నొక రైతు బండి తరచు వేడెక్కి, తుదకు ఇంజను అరిగిపోయెను. మార్చుకొమ్మని మేమే చెప్పితిమి. ఆతడు పంట అమ్మిన సొమ్ములో సగము వెచ్చించి మరియొక యింజను వేయించెను. ఒక ప్రత్తికాలము గడవకమునుపే అదియు బిగిసిపోయెను. విప్పి చూడగా రేడియేటరు గొట్టములు తుప్పుతోను, బోరునీటివలన పేరుకొనిన సున్నపుపొరతోను పూడియుండెను. మొదటి దానిని చంపినదే రెండవదానిని చంపెను. తప్పు మాది, నష్టము ఆతనిది.

అరుగుదలను గుర్తించుట

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలి గట్టిగా నొక్కబడి వేడెక్కుటచేతనే డీజిలు అంటుకొనును. పిస్టను రింగులును సిలిండరు గోడలును అరిగినచో ఆ గాలి జారిపోవును. అప్పుడు తెల్లవారుజామున బండి స్టార్టగుట కష్టము, నిండుబరువుతో మిట్ట యెక్కుట కష్టము.

నీలిపొగ ఇంజను ఆయిలు మండుచున్నదని తెలుపును. నల్లపొగ తరచుగా ఎయిర్ ఫిల్టరు మూసికొనిపోవుటవలన గాని, ఇంజెక్టరు చెడుటవలన గాని వచ్చును; దానికై ఇంజను మార్చనక్కరలేదు. తెల్లపొగ విడువక, రేడియేటరులో నీరును తగ్గుచున్నచో హెడ్ గాస్కెట్టును చూడవలెను.

కంటిచూపుతో తృప్తిపడక, కంప్రెషన్ గేజీతో ప్రతి సిలిండరును కొలిపింపుడు. ఒక్కటియే తగ్గినచో వాల్వు గాని గాస్కెట్టు గాని కారణము కావచ్చును. అన్నియు తగ్గి, ఇంజను నడచుచుండగా ఆయిలు మూత వదులు చేసినపుడు పొగ బుసకొట్టుచు వచ్చినచో అరుగుదల నిజము.

బాగుచేయుటయా, మార్చుటయా?

బ్లాకు పగులక, క్రాంకు చెడక యున్నచో బోరింగు చేయించియో లైనర్లు మార్చియో, పిస్టన్లు, రింగులు, బేరింగులు క్రొత్తవి వేయించిన చాలవరకు సరిపోవును. బ్లాకు పగిలినచో మార్చుటయే మేలు. రెండు పనులకును అగు ఖర్చును కాగితముపై వ్రాయించుకొని పోల్చుడు. చాసిస్ తుప్పుతో తినబడిన బండికి ఏ యింజనైనను దండుగయే.

వాడిన యింజనును కొనునపుడు అదే కంపెనీది, అదే రకముది కావలెను. సంఖ్య చెరిపిన దానిని, బిల్లు లేని దానిని ముట్టకుడు. అది దొంగసొత్తు కావచ్చును. ఇంజను సంఖ్య రిజిస్ట్రేషను పత్రమున నుండును. వాహనములలో చేయు మార్పులకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నియమములు విధించినది. కావున పనికి ముందే రవాణా కార్యాలయమున అనుమతి పొంది, పిమ్మట క్రొత్త సంఖ్యను పత్రములోను, బీమాలోను వ్రాయించుకొనుడు. బండిపై అప్పున్నచో ఋణదాతకును తెలుపవలెను.

అమర్చునపుడు

బ్యాటరీ తీగలు విప్పవలెను. గొలుసు కప్పీకి వ్రేలాడు ఇంజను క్రింద నెవరును ఉండరాదు. రేడియేటరును, నీటి పంపును, థర్మోస్టాటును, రబ్బరు గొట్టములను పరీక్షించి, చెడినవి మార్పింపుడు. క్లచ్చి ప్లేటును, మౌంటింగు రబ్బర్లను చూచుటకు ఇదియే అదను. బోరునీటికి బదులు తయారీదారు చెప్పిన కూలంటునే పోయవలెను. స్టార్టు చేసిన పిదప ఆయిలు దీపము వెంటనే ఆరకున్నచో ఇంజనును ఆపివేయవలెను. మొదటి దినములలో అధికభారము వేయరాదు.

ఆ రైతు తరువాత యింజనును బాగుచేయించినపుడు మొదట రేడియేటరును మార్చెను. దానికైన ఖర్చు ఇంజను ఖర్చులో స్వల్పభాగమే. ముందే చేయించియుండిన రెండవ యింజను సొమ్ము ఆతని యింటనే యుండెడిది.

కావున సోదరులారా, మరియొక యింజను వెల యెంతయని అడుగుటకు ముందు, ఉన్నది యేల చెడెనో అడుగుడు.